ఇంకొక్కటి

"ఆ 'ఆడలేడు' కొట్టేసి 'ఆడగలడు' అని రాయండి," అన్నాడు ముసుగువాడు, లోపలికి వస్తూనే కసరత్తు గది తలుపుకి గడియ వేసి.

రౌడీ అయినా మర్యాద తెలిసినవాడే అనుకున్నాడు ట్రైనర్. ఆ అనుకోవడం పూర్తయ్యేలోపే వాడు కాలర్ పట్టుకుని గోడకేసి కొట్టాడు. గోడకున్న నిలువుటద్దం పగిలి ముక్కలు నేల మీద రాలాయి. ట్రైనర్ చెవి వెనక వెచ్చగా ఏదో కారింది. జట్టంతా మధ్యాహ్నం భోజనానికి వెళ్ళిపోయింది. అరిచి గీపెట్టినా వినేవాళ్ళు లేరు.

బల్ల మీదున్నది రేపటి ఫైనల్ మ్యాచ్‌కి గుర్రం ఫిట్‌నెస్ కాగితం. జట్టులో అందరికంటే బలంగా బంతి తన్నే ఆటగాడు కాబట్టి జనమంతా అతన్ని గుర్రం అంటారు. చిన్నోడా అని పిలిచేది ట్రైనర్ ఒక్కడే. ఎడమ మోకాలికి ఆపరేషన్ అయి తొమ్మిది నెలలు దాటింది. ట్రైనర్ 'ఆడగలడు' అని రాసి సంతకం పెడితే తప్ప గుర్రం మైదానంలో అడుగు పెట్టడానికి లేదు.

"ఎవరు పంపారు నిన్ను?"

"నీకనవసరం. మోకాలు నయమైందని డాక్టరే రాసిచ్చాడుగా. మధ్యలో నీ పెత్తనమేంటి?" ముసుగువాడు గొంతు బొంగురుగా పెట్టి అడిగాడు.

"డాక్టరు చూసింది మోకాలిని. నేను చూసేది మనిషిని. ఎడమకాలి మీద నిలబడి కుడికాలితో పదిసార్లు తన్నరా అంటే నాలుగోసారికే ఆపేస్తున్నాడు. ఆ మోకాలు ఎక్కడ పోతుందోనని భయం. భయపడుతూ తన్నేవాడు వంకరగా వాలతాడు. వంకరగా వాలితే నిజంగానే పోతుంది. ఈసారి పోతే జన్మలో ఆడలేడు."

"వాడి ఖర్మ వాడు పడతాడు. నీకెందుకు?"

"ఇంతకుముందు ఇంకో ఆటగాడు అచ్చం ఇలాగే అన్నాడు. మొహమాటానికి పోయి సంతకం పెట్టాను. వాడిప్పుడు మెట్లు కూర్చుని దిగుతున్నాడు. ఇంకొకణ్ణి అలా చూడటం నావల్ల కాదు."

మొదటి తన్ను తొడ మీద పడింది. రెండోది పక్కటెముకల మీద పడేసరికి ట్రైనర్ ప్రాణం జివ్వుమంది. మూడోదానికి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నోరంతా రక్తం ఉప్పగా తగిలింది. చేతికందే దూరంలో ఐదు కిలోల డంబెల్ కనిపించింది. లాక్కుని చెయ్యెత్తాడు. వాడి కాళ్ళకేసి విసిరితే చాలు, మోకాలో పాదమో నుజ్జవుతుంది, బతికి బయటపడొచ్చు.

ముసుగువాడి కుడికాలు నాలుగోసారి లేచింది. ట్రైనర్ చూపు నేల మీద ఆనిన వాడి రెండో కాలి బూటు మీద పడింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. ఆ తన్ను భుజానికి తగిలినా అతను అరవలేదు. ఎందుకో ఒక్కసారిగా ఏడుపొచ్చింది. డంబెల్‌ని పసిపిల్లని పడుకోబెట్టినట్టు మెల్లగా నేల మీద పెట్టేశాడు.

ముసుగువాడు ఆగాడు. "ఇప్పుడైనా పెడతావా?"

"ఇంతేనా? దీనికే రొప్పుతున్నావేంట్రా," అన్నాడు ట్రైనర్ గోడ పట్టుకుని లేస్తూ. "ఇంకొక్కటి."

అదీ పడింది. ట్రైనర్ పడ్డాడు, మళ్ళీ లేచాడు.

"పిరికివాడి పని మీద వచ్చావుగా, నువ్వూ పిరికివాడివే. ఇంకొక్కటి."

ఆ మాటతో ముసుగువాడికి ఒళ్ళు తెలియలేదు. తర్వాతి తన్నుకి పక్కటెముక ఒకటి పటుక్కుమంది. బుద్ధున్నవాడెవడైనా పడ్డచోటే ముడుచుకుని పడుకుంటాడు. ఈ మొండిఘటం లేచి నిలబడి మరీ తన్నించుకుంటున్నాడు. తలుపు మూడడుగుల దూరంలోనే ఉన్నా దాని వంక చూడనైనా చూడలేదు. తన్ను పడ్డప్పుడల్లా అతని పెదాలు కదిలాయి. నొప్పికి గొణుక్కుంటున్నాడనే అనుకుంటారు ఎవరైనా.

ముక్కు చితికింది. చొక్కా ముందుభాగమంతా నెత్తురుతో తడిసింది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. రెండో కన్ను మాత్రం నేలని వదల్లేదు. ఊడిన పన్ను ఉమ్మేశాడు. రమ్మన్నట్టు చేత్తో సైగ చేశాడు.

ఈసారి తన్ను గుండెల మీద తగిలింది. ట్రైనర్ వెనకున్న బెంచీ మీదుగా ఎగిరి అద్దం ముక్కల్లో వెల్లకిలా పడ్డాడు. పడుకునే అరచెయ్యి పైకెత్తి చూపించాడు.

"చాలు. కాగితం ఇలా ఇవ్వు."

ముసుగువాడు కాగితం, పెన్ను అందించాడు. "ముందే పెట్టుంటే ఇంతవరకూ వచ్చేది కాదుగా." గొంతులో బొంగురు చాలావరకు తగ్గిపోయింది.

ట్రైనర్ వేళ్ళు వంగలేదు. పెన్ను గుప్పిట్లో బిగించి పట్టుకుని 'ఆడలేడు' కొట్టేశాడు. పైన 'ఆడగలడు' అని రాసి సంతకం పెట్టాడు. కాగితం మీద పడ్డ నెత్తురు చుక్కని చొక్కా అంచుతో జాగ్రత్తగా అద్దాడు.

ముసుగువాడు కాగితం లాక్కుని తలుపు దగ్గరికి పరిగెత్తి గడియ తీశాడు.

"రేపు కూడా ఇలాగే ఎడమకాలి మీద బరువంతా వేసి తన్ను," అన్నాడు ట్రైనర్ నేల మీంచే. "ఇవాళ పదికి పదీ పూర్తి చేశావు, చిన్నోడా."