నీళ్ళ పోలీసు

"ఇంకెవరైనా చేశారంటే నమ్ముతాను. మీరు చేశారంటే ఎలా నమ్మమంటారండీ?" అన్నాడు డైరెక్టరు.

"చెయ్యి జారింది సార్," అంది నీళ్ళ పోలీసు.

ఆ పేరు ఆమెకు ఊరికే రాలేదు. పాత పత్రాలు భద్రపరిచే ఆ ఆర్కైవ్స్‌లో ఎవరి చేతిలో నీళ్ళ సీసా కనిపించినా గేటు దాకా తరిమేది. తడి గొడుగుతో వచ్చిన మంత్రిగారిని సైతం వరండాలో నిలబెట్టేసింది. అలాంటి మనిషి నిన్న నిండు ఫ్లాస్కు తెచ్చి బల్ల మీద పెట్టుకుంది. అదీ ప్రొఫెసరు గారి కాగితాల పక్కన!

ప్రొఫెసరు గారంటే మానసిక శాస్త్రంలో దేశదేశాల్లో పేరు మోసిన మనిషి. పోయాక ఆయన కాగితాలన్నీ ఇక్కడికే చేరాయి. ఆయన రాత కోడి గెలికినట్టుంటుంది. తంటాలు పడి చదవగలిగేది ఆమె ఒక్కతే. పైగా ఆయన వాడిన సిరా చుక్క నీరు తగిలితే కరిగి కారిపోతుంది. 'నీళ్ళు నిషేధం' అని బోర్డు రాసి తగిలించింది కూడా ఆమే.

పాడైంది ఒక్కటే కాగితం. కానీ అసలుది అదే.

ప్రొఫెసరు గారికి పేరు తెచ్చిన పుస్తకమంతా ఒక తల్లి గురించి. కన్నకొడుకుని బస్టాండులో బెంచీ మీద కూర్చోబెట్టి, బస్సెక్కి వెళ్ళిపోయి, సాయంత్రానికి ఏడుస్తూ తిరిగొచ్చిన తల్లి. పుస్తకంలో పేర్లు మార్చేశారు. అసలు పేర్లు ఆ కాగితంలో ఉన్నాయని అందరి నమ్మకం. దానికింకా నకలు తీయలేదు. రేపటి ప్రదర్శనలో అద్దాల పెట్టెలో పెట్టాల్సింది అదే.

"రిబ్బను మా అమ్మ చేత కత్తిరింపిద్దామనుకున్నా," అన్నాడు డైరెక్టరు. " ఆ కాగితం మొట్టమొదట ఆవిడకే చూపిద్దామని..."

ఫోను మోగింది.

"తిన్నానమ్మా... ఆఁ, ఆఫీసులోనే ఉన్నా... ఎక్కడికీ పోలేదు." పెట్టేసి, బట్టతల తడుముకున్నాడు. "గంటకోసారి ఇదే వరస. చిన్నప్పట్నుంచీ అంతే. నేను కనిపించకపోతే ఆవిడకి ప్రాణం నిలవదు."

"అదృష్టవంతులు సార్."

"అందుకేనేమో, ఆ బెంచీ తల్లి నాకు చచ్చినా అర్థం కాదు. తల్లేనా అసలు? పేరు బయటపెట్టి కడిగిపారేద్దామనుకున్నా." ఉన్నట్టుండి ముందుకు వంగాడు. "మీరు చదివే ఉంటారుగా? పేరు గుర్తుందా?"

"లేదు సార్. ఇవాళ చదువుదామనుకున్నా."

ఆయన నిట్టూర్చి, సస్పెన్షన్ ఉత్తర్వు దగ్గరికి లాక్కున్నాడు. "మీకెవరూ లేరని తెలుసు, ఈ ఉద్యోగమే మీకు ప్రాణమనీ తెలుసు. కానీ ఏం చెయ్యను?"

"మీరు చేసేది సబబే సార్," అంది. ఆయన సంతకం చేశాడు.

అలవాటు కొద్దీ, వేలిముద్ర పడకుండా ఉత్తర్వును అంచులు పట్టుకుని అందుకుంది. వరండాలోకి వచ్చి కింద సంతకం చదివింది.

నిన్న నీళ్ళలో కరిగిపోయిన కాగితంలో, బెంచీ మీది పిల్లవాడి పేరు కూడా, ఇంటిపేరుతో సహా, అదే.