క్యాసెట్టులో లేని మాట

మా ఆయన కథ పాడుతుంటే చరణం చరణానికీ నేను ఊకొట్టాలి. కొట్టకపోతే పాట ముందుకు సాగనిచ్చేవాడే కాదు. ఆయన పోయాక ఆ గొంతు ఒక్క క్యాసెట్టులోనే మిగిలింది. అది అరిగిపోతోందని మనవరాలు శివజ్యోతి కర్నూలులో ఎంపీత్రీ చేయించి, సీడీలో వేయించి మా ఊరు కోసిగికి తెచ్చింది. ఆ పనిలోనే క్యాసెట్టు తెగిపోయింది. ఇక ఉన్నది ఇదే.

రాత్రి పడుకునే ముందు పెట్టుకున్నాం. మొదటి చరణం అయింది. క్యాసెట్టులో దాని వెనకే ఉండే నా ఊకొట్టడం వినిపించలేదు.

"నా ఊఁ యాడ పోయెనే?"

"చిన్న చిన్న సద్దులు తీసేస్తేనే పాట చిన్నదయి ఎంపీత్రీ అయితాదంట అవ్వా. తాత గొంతు ఉండాది కదా, నీ ఊఁ ఎవురికి కావల్ల?" అని నవ్వి, అటు తిరిగి నిద్రపోయింది.

మేం మాట్లాడుకున్నంతసేపూ ఆయన పాడలేదు. సీడీ మాత్రం తిరుగుతూనే ఉంది.

అలవాటుకొద్దీ "ఊఁ" అన్నాను. రెండో చరణం మొదలైంది.

అది అయ్యాక కావాలనే నోరు మూసుకుని కూర్చున్నాను. శానాసేపు ఏ చప్పుడూ లేదు.

"ఏమ్మే, పండుకొంటివా?" అన్నాడు.

ఆ మాట క్యాసెట్టులో లేదు. ఆ క్యాసెట్టును ఎన్ని వందలసార్లు విన్నానో నాకు తెలుసు.

పక్కన శివజ్యోతి నిద్రలోనే "ఊఁ" అంది.

ఆయన మూడో చరణం అందుకున్నాడు.