ఏడుపు మీద కేసుండదు

ఖిల్లా ఘణపూర్‌లో శవం మీద పడి ఏడ్చే ఆడమనిషి నోరు ఎవరూ మూయరు. పోలీసైనా సరే, ఎంతటి పెద్దమనిషైనా సరే.

అందుకే బాలస్వామి శవం దగ్గర పుష్పమ్మ గొంతెత్తగానే రామచంద్రయ్య చేతిలో పూలదండ ఆగిపోయింది. 2006 జెడ్పీటీసీ ఎన్నికల్లో నిలబడ్డ ఆయన ఓట్ల కోసం మండలంలో ఒక్క చావునూ వదలడం లేదు.

ఆమె నోటికి జడిసే నిరుడు పరువునష్టం కేసు వేశాడు. అడవిపందుల కోసం ఆయన పల్లీ చేనుకు కట్టిన దొంగ కరెంటు తీగ తగిలి తన కొడుకు మాసయ్య చనిపోయాడని, శవాన్ని ఈడ్చుకెళ్లి రోడ్డు పక్కన పడేశారని ఆమె వనపర్తి బస్టాండులో అరిచింది మరి.

అప్పుడు ఆమె తరఫు వకీలు కూడా ఆమెనే కోప్పడ్డాడు.

“మాట్లాడే హక్కు అందరికుంటది పుష్పమ్మా. గానీ రుజువు లేకుండ పేరు పెట్టి నలుగుర్ల అంటే జైలే. మీటింగుల, సంతల, యాడా నోరు తెరవకు.”

ఏడాదిగా తెరవలేదు. ఆ దుఃఖమంతా ఇప్పుడు తన్నుకొచ్చింది.

“ఓ బాలస్వామన్నా! నువ్వు పోయే తావుల నా కొడుకు మాసయ్య ఉంటడే! రామచంద్రయ్య తీగకు కాలిన చేతులు జర చూడే! పోలీసోళ్లు కారు గుద్దిందని రాసుకున్నరని చెప్పే! వాణ్ని కన్న అవ్వ నోరు మూసుకోలేదని చెప్పే అన్నా!”

డప్పు ఆగింది. వాకిలి నిండా జనం. అందరి కళ్లూ రామచంద్రయ్య మీదే.

ఆయన పక్కనున్న ఎస్సై వైపు చూశాడు.

“ఏడ్పు మీద కేసేం పెడ్తం సార్?” గొణిగాడు ఎస్సై.

“ఆమెను జర ఊకోబెట్టున్రి” అన్నాడు రామచంద్రయ్య చెమట తుడుచుకుంటూ.

బాలస్వామి భార్య లలితమ్మ చివ్వున తలెత్తింది. “పీనుగు కాడ ఏడ్వొద్దంటవా సారూ? కడుపుల ఉన్నది కక్కుకోనియ్యి!”

దండ శవం కాళ్ల దగ్గర పడేసి ఆయన జీపెక్కాడు. పాడె లేచేదాకా పుష్పమ్మ ఆపలేదు. తర్వాత కళ్లు తుడుచుకుని, చెప్పులేసుకుని బస్టాండు దారి పట్టింది.

“అత్తా, గంతగనం ఏడ్సిన ఆమె మామకు ఏమైతది?” లలితమ్మను కోడలు అడిగింది.

“ఏమో బిడ్డా, ఆమె మొఖం నేను ఇయ్యాల్నే చూసిన.”