సంచిగూడు పిట్ట

"వినబడుతోందా, వినిఫ్రెడ్?" అని క్లైవ్ అందరి ముందూ అడిగాడు.

రెల్లు గట్టు మీద నడిచేవాళ్ళంతా ఆగిపోయారు. సముద్రం వైపు నుంచి చలిగాలి కొడుతోంది. వినిఫ్రెడ్ ఉన్ని టోపీని చెవుల మీదికి ఇంకాస్త లాక్కుని, రెండు అరచేతులూ చెవులకు దొప్పల్లా పట్టింది. పిట్టల వెంట తిరిగేవాళ్ళందరికీ ఉన్న అలవాటే అది. సన్నగా, పొడుగ్గా, సూదిలాంటి కూత. అందరి మొహాలూ వెలిగాయి, ఆవిడ మొహం తప్ప.

ఇంగ్లండులో నార్ఫోక్ తీరంలోని ఆ ఊళ్ళో పిట్టల సంఘం ఆదివారం నడకకు ముందుండేది వినిఫ్రెడే. ఆ ఒక్క పూట కోసమే ఆవిడ మిగతా వారమంతా బతుకుతుంది. అయితే ఆ సంఘానికో మొండి ఆచారం ఉంది. అందరికీ వినబడిన పిట్ట ముందు నడిచేవాళ్ళకు వినబడలేదంటే, వాళ్ళు సంఘం టెలిస్కోపును అక్కడికక్కడే ఇంకొకరికి అప్పగించి వెనక్కి తప్పుకోవాలి. వయసు మీదపడితే చెవికి ముందు అందకుండా పోయేవి సన్నని గొంతులే. ముసలివాళ్ళను మర్యాదగా సాగనంపడానికే ఈ ఆచారం పెట్టుకున్నారేమో, ఎవరికి తెలుసు.

ఆవిడ మాత్రం ఊరికే కూర్చోలేదు. పిట్టల సన్నని గొంతును కిందికి దించి చెవికి అందించే కొత్త రకం మిషన్లు ఈ వారమే పెట్టించుకుంది. పొద్దున పెరట్లో రాబిన్ పిట్ట కూత వినబడితే టీ కప్పు పట్టుకుని ఏడ్చేశానని దారిపొడుగునా అందరికీ చెప్పింది. ఆ సంబరం చూసి క్లైవ్‌కు కడుపు మండింది. పిట్టల పేర్లన్నీ ఆవిడ దగ్గర నేర్చుకున్నవాడే, ఆ టెలిస్కోపు మీద ఎన్నాళ్ళ నుంచో కన్నేసినవాడే.

"మిషన్లలో బ్యాటరీలు వేశారా, బఠాణీలు వేశారా?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

అతను ఫోను పైకెత్తి చూపించాడు. కూత వింటే పిట్ట పేరు చెప్పే ఫోను అది. సంచిగూడు పిట్ట అని చూపిస్తోంది. కొమ్మకు సంచిలా గూడు వేలాడదీసే ఆ బుల్లి పిట్ట ఇటు వచ్చిందని తెలిస్తే చాలు, జనం పెళ్ళి భోజనాలు కూడా వదిలేసి కార్లెక్కుతారు. ఇంతవరకూ అది ఎవరి కంటా పడలేదు. పడకపోతేనేం, వాళ్ళలో విన్నా చూసినట్టే లెక్క. పైగా ఫోనే చెప్పాక ఇక తిరుగేముంది? క్లైవ్ అప్పటికప్పుడు నలుదిక్కులా కబురు పంపేశాడు.

హెస్టర్ అనే ఆవిడకు కాస్త జాలి గుణం. గాలి హోరులో ఎవరికైనా వినబడదని, మలుపు దాటి పొదల చాటుకు వెళ్ళి ఇంకోసారి చూద్దామని అంది. సరేనని అందరూ అక్కడికి నడిచారు. వినిఫ్రెడ్ కళ్ళు మూసుకుని మళ్ళీ చేతులు చెవులకు ఆనించింది. కూత అక్కడా వినబడింది, ఈసారి మరీ దగ్గరగా.

"తల్లీ, మీ నెత్తి మీదే కూస్తోంది," అన్నాడు క్లైవ్. "ఇంకా దగ్గరికి రావాలంటే మీ చెవిలోనే గూడు కట్టుకోవాలి."

ఆవిడ నీరసంగా చేతులు దించింది. పిట్ట కూడా ఊరుకుంది. దానికీ జాలేసినట్టుందని వెనక నుంచి ఎవరో అన్నారు.

వినబడిందని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ గుంపులో అలా అనని వాళ్ళెవరు? అందులో సగం మంది పక్కవాళ్ళ మొహం చూసే తలాడిస్తారు. వినిఫ్రెడ్‌కు ఆ విద్య రాదు.

"లేదు. నాకేం వినబడలేదు," అంది.

ఆవిడ భుజం మీది టెలిస్కోపు తీసి క్లైవ్ భుజానికి తగిలించింది. తర్వాత టోపీ ఎత్తి, చెవుల్లోంచి మిషన్లు రెండూ ఊడదీసి అతని అరచేతిలో పెట్టింది.

"ఇవి నాకెందుకు?" అన్నాడు క్లైవ్.

"దాచుకో. నీ వంతూ వస్తుంది," అంటూ ఆవిడే అతని వేళ్ళు ఒక్కొక్కటే మూసింది. కళ్ళు తుడుచుకుంటూ గట్టు దిగి రోడ్డు వైపు నడిచింది. హెస్టర్ వెనక నుంచి "వినీ, వినీ" అని పిలుస్తూనే ఉంది. ఉత్త చెవులతో ఆ పిలుపు ఆవిడకేం వినబడుతుంది, వెనక్కి తిరగలేదు.

అప్పటికే కబురందుకున్న కార్లు వచ్చి ఆగుతున్నాయి. కొత్తవాళ్ళు టెలిస్కోపులు మోసుకుంటూ, రొప్పుతూ, ఏడుస్తూ వెళ్తున్న ముసలావిడను రాసుకుంటూ గట్టెక్కారు. పిట్ట ఎక్కడని అడిగేలోపే కూత మళ్ళీ మొదలైంది, ఇంతకుముందు ఎప్పుడూ లేనంత గట్టిగా. అంతా ఆత్రంగా రెల్లులోకి చూశారు. క్లైవ్ ఒక్కడే తన చేతి వంక చూసుకున్నాడు.

అటు తిరిగి మిషన్లున్న గుప్పిట తెరిచాడు. కూత ఆగింది. మూశాడు. కూసింది.

"అదిగో, ఆ రెల్లులోనే ఉంది," అన్నాడు వచ్చినవాళ్ళతో, గుప్పిట ఇంకాస్త బిగించి.