చుక్కల మందు

“ఒక్క చుక్క కూడా వెయ్యలేదా అత్తా?”

కాపిక్ ముక్కు చిట్లించింది. ఉత్తర ధ్రువానికి దగ్గర్లోని ఇగ్లూలిక్ ఊళ్ళో కనుబొమలెత్తితే అవును, ముక్కు చిట్లిస్తే కాదు. దానికి మాటలు దండగ.

అడిగింది కోడలు లీసీ. దుకాణంలో పని మధ్యలో వదిలేసి, రెప్పలకు పట్టిన మంచైనా దులుపుకోకుండా పరుగెత్తుకొచ్చింది. కొడుకు రక్తపరీక్ష ఫలితం వచ్చిందనీ, నాలుగింటికి తానే ఇంటికొచ్చి చెబుతాననీ నర్సు మోయిరా ఫోన్ చేసింది మరి. తీరా వచ్చి చూస్తే అత్త సీల్ జంతువు కాలేయం మెత్తగా నమిలి, ముద్ద చేసి, మనవడి నోట్లో పెడుతోంది. చుక్కల మందు వేశావా అని మాటవరసకు అడిగితే, ఇదీ బయటపడ్డ సంగతి. ఇవాళ కాదు, నిన్న కాదు, మొదట్నుంచీ వెయ్యలేదట.

సూర్యుడు మొహం చాటేసి ఐదు వారాలైంది. ఇంకో పది రోజులకు గానీ రాడు. పదహారు నెలల ఉయరాక్ ఇంకా అడుగు వెయ్యడం లేదు. ఒంట్లో విటమిన్ డి తక్కువైతే లేత ఎముకలు వంగిపోతాయని చెప్పి, రెండు నెలల కిందట ఆ నర్సే సీసా ఇచ్చింది. ఈసారి కూడా తక్కువే వస్తే విమానమెక్కించి దక్షిణాన పెద్దాసుపత్రికి పంపాలంది. మళ్ళీ ఎప్పుడొస్తాడని అడిగితే, చెప్పలేనంది. ఆనాటి నుంచీ లీసీకి తిండి సయించడం లేదు.

“ఎందుకు వెయ్యలేదు?”

“మా నాన్నకి ఇష్టం లేదు. మొదటిరోజే నా మొహాన ఉమ్మేశాడు. వద్దన్నది మా నాన్న నోట్లో కుక్కమంటావా?”

పిల్లవాడికి పెట్టింది చనిపోయిన ఆమె తండ్రి పేరు. అందుకే కాపిక్ వాణ్ణి నాన్న అనే పిలుస్తుంది, నాన్నకిచ్చే మర్యాదే ఇస్తుంది. అక్కడ కోడలు నోరెత్తడానికి లేదు.

లీసీ అలమారలోంచి సీసా తీసి దీపానికి ఎదురుగా పట్టింది. అడుగున తడి తప్ప ఏమీ లేదు. వారం వారం సీసా తగ్గుతుంటే మురిసిపోయింది, పిచ్చిది! అత్త అబద్ధమాడే మనిషి కాదు. పారబోసే మనిషి అంతకన్నా కాదు, సీల్ పేగైనా వృథా పోనివ్వదు. మరి మందేమైనట్టు? గట్టిగా అడిగితే కాపిక్, “ఒలకలేదులే” అని ఊరుకుంది.

గడియారం నాలుగుకు ఐదు నిమిషాలు చూపిస్తోంది. లీసీ సీసా బల్ల మీద పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళింది, పొయ్యి దగ్గరికి వచ్చింది, మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళింది. నర్సుకు ఉన్నదున్నట్టు చెబితే పిల్లాణ్ణి ఎక్కించుకుపోతారు. దాస్తే రక్తం దాచనిస్తుందా?

తలుపు తోసుకుని మోయిరా లోపలికి వచ్చింది. ఆ ఊళ్ళో తలుపు తట్టేది పోలీసులేనని నేర్చుకుంది. దక్షిణం నుంచి వచ్చిన కొత్తలో ఈ చీకటి భరించలేక ఇదే బల్ల దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చేది. అప్పటినుంచి రోజూ పని ముగించుకుని వెళ్తూ వెళ్తూ ఇక్కడ టీ తాగి పోవడం అలవాటైంది.

కాపిక్ ఎప్పటిలాగే గడ్డకట్టిన పచ్చి చేప ముక్క చేతికివ్వబోయింది. మోయిరా ఎప్పటిలాగే ముక్కు చిట్లించింది. ముసలమ్మ నవ్వుకుంటూ టీ కలపడానికి లేచింది.

“మందు రోజూ పడుతోందా? మీ అత్తగారిని అడుగు,” అంది నర్సు.

లీసీ అత్త వైపు తిరిగింది. ఏదైతే అదయిందని, “మందు రోజూ వాడుతున్నావా అంటోంది,” అని తమ భాషలో చెప్పింది.

కాపిక్ కనుబొమలు రెండూ పైకి లేచాయి.

అబద్ధమెరగని మనిషి ఇంత నిబ్బరంగా!

“అనుకున్నాను,” అంటూ మోయిరా కాగితం తీసింది. “ఇంత చక్కటి రక్తం ఈ ఊళ్ళో ఏ పిల్లాడికీ లేదు. ఎక్కడికీ పంపక్కర్లేదు. నడకంటావా, ఈవిడ వీపు మీంచి దించితే కదా వాడు నడిచేది!”

లీసీ పిల్లవాణ్ణి లాక్కుని వాడి మెడలో మొహం దాచుకుంది. ఏడుపొచ్చింది. సీల్ కాలేయం వాసనేస్తున్న ఆ బుగ్గలను ముద్దులతో తడిపేసింది. వాడి మందు ఆ కాలేయంలోనే ఉందన్నమాట! అయినా మనసు కుదుటపడలేదు. ఆ సీసా ఎలా ఖాళీ అయిందో మాత్రం అంతుబట్టలేదు.

మోయిరా కప్పు అందుకుని, ఇంకో విచిత్రం చెబుతానంది. వాడి రక్తంతో పాటు తనదీ పరీక్షకు పంపిందట. వచ్చిన కొత్తలో ఆ విటమిన్ అడుగంటిపోయిందట. వేసుకొమ్మని డాక్టరిచ్చిన మందు ఒక్కరోజైనా వేసుకున్న పాపాన పోలేదట. తీరా ఇప్పుడు చూస్తే రెట్టింపైందట.

“మీ ఊరి నీళ్ళు నాకు పడ్డట్టున్నాయి,” అంటూ ఒక గుక్క తాగి, మొహం అదోలా పెట్టింది. “ఇవాళ టీ రోజూలా లేదేంటి? ఏదో తగ్గింది. రోజూ ఏం వేస్తారో కనుక్కో లీసీ.”

లీసీ అడిగింది.

కాపిక్ బల్ల మీది ఖాళీ సీసాను మెల్లగా నర్సు వైపు జరిపింది.

“అయిపోయిందని చెప్పు. ఇంకోటి ఇమ్మను.”