ఎనిమిదో టేకు

“మొదట జుట్టు పట్టుకుంటాడండీ. గోడకేసి రెండుసార్లు కొడతాడు. మూడోసారికి నేను కింద పడాలి.”

చెవులూ, ముక్కులూ, బొడ్లూ కుట్టే అమ్మాయి ఒక చేతికి గ్లవ్ సగం తొడుక్కుని ఆగిపోయింది. రింగు ఎలా ఊడిందని అడిగినందుకు వచ్చిన జవాబు ఇది. బల్ల మీద పడుకున్నామె టాప్ కొంచెం పైకి జరుపుకుని, ఈ మాటలు నవ్వుతూ చెబుతోంది. బొడ్డు పైన చర్మం రెండుగా చీలి, ఎర్రగా ఉబ్బి అతుక్కుంది. తొమ్మిదేళ్ళుగా ఇదే పని చేస్తున్న అమ్మాయి. రింగు దానంతటది ఊడిన మచ్చకీ, ఎవరో పట్టుకుని పీకిన మచ్చకీ తేడా తెలియనిది కాదు.

“ఎవడండీ వాడు? పోలీసులకి చెప్పారా?” అని అడుగుతూ, పక్క కుర్చీలో ఉన్న భర్తని కొరకొరా చూసింది.

మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఫక్కున నవ్వారు.

“అయ్యో, షూటింగులోనండీ! హీరోయిన్‌కి డూప్ నేను. విలన్‌కి డూప్ ఈయన.”

అమ్మాయి నాలిక్కరుచుకుంది. అప్పటికే మనసులో ఆ మనిషికి బేడీలు వేసి జైల్లో కూర్చోబెట్టేసింది మరి. సినిమావాళ్ళని ఇంత దగ్గరగా చూడటం ఆమెకిదే మొదలు.

“ఇంట్లో కూడా ఇలాగే ప్రాక్టీసు చేస్తారా ఏంటి?”

“ఇంట్లో వంట నా చేతిలో ఉంది. ఈయనకంత ధైర్యమా!”

అతను రెండు చేతులూ ఎత్తి భార్యకి దణ్ణం పెట్టాడు. ముగ్గురూ నవ్వారు.

“సీను మొత్తం చెప్పు, వింటారు,” అన్నాడతను హుషారుగా.

“వంటింటి సెట్టు. వాడు భోంచేస్తుంటాడు. నాకు ఫోనొస్తుంది. ఎవరంటాడు. అక్కంటాను. నమ్మడు. కంచం ఎత్తి మొహాన కొడతాడు. తర్వాత జుట్టు...”

“మధ్యలో చెంపదెబ్బ మర్చిపోయావు.”

“ఆఁ, చెంపదెబ్బ. పెదవి చిట్లుతుంది. తర్వాత జుట్టు, గోడ. పడిపోయాక కడుపులో తంతాడు. పాక్కుంటూ తలుపుదాకా వెళ్తాను. గడియ అందబోతుంటే నడుం పట్టుకుని వెనక్కి ఈడుస్తాడు. అప్పుడే ఈయన వేలు రింగులో ఇరుక్కుంది.”

“నేను చూసుకోలేదండీ,” అన్నాడతను. “ఊపులో ఉన్నాను. ఒక్క గుంజు గుంజాను. చర్మంతో సహా చేతిలోకి వచ్చేసింది. అది ఎనిమిదో టేకు.”

“రక్తం చూసి అందరూ మేకప్ అనుకున్నారు,” అందామె.

అమ్మాయి టాప్ అంచు ఇంకాస్త పైకి జరిపింది. ఆమె పక్కటెముకల మీద పచ్చబడిన మరక ఒకటి, నల్లది ఇంకొకటి కనిపించాయి.

“ఇవి కూడానా?”

“పచ్చది పోయిన షెడ్యూలు. నల్లది మొన్నటిది.”

తెర మీద అరనిమిషం కోసం మనుషులు ఇంత నరకం పడతారా అనుకుని అమ్మాయి ఆమె చెయ్యి నిమిరింది. కానీ పని పనే. మచ్చకి ఇంకా నెల కూడా నిండలేదు. ఆరునెలలు ఆగితే తప్ప కుట్టనని ఖరాఖండిగా చెప్పేసింది.

ఆమె ముఖంలో నవ్వు చప్పున ఆరిపోయింది. లేచి కూర్చుని అమ్మాయి మణికట్టు పట్టుకుంది.

“అలా అనకండి. సోమవారానికి రింగు ఉండి తీరాలి. హీరోయిన్‌కి ఉండి నాకు లేకపోతే ఇంకొకర్ని తెచ్చుకుంటారు. ఇవాళ మీరు కుట్టకపోతే నా పని అయిపోయినట్టే.”

మణికట్టు మీద పట్టు వదల్లేదు. ఒక ఆడమనిషి పొట్టకూటి కోసం ఇంతగా బతిమాలుతుంటే కాదనడానికి అమ్మాయికి మనసొప్పలేదు. సరే, మచ్చని ముట్టుకోకుండా ఎడమ పక్కగా కుడతానంది.

అతను చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. అందులో పాత రింగు. శుభ్రంగా కడిగి, వంకరని పట్టకారుతో సరిచేసి తెచ్చాడు.

“ఇదే వెయ్యండి. నేను ముచ్చటపడి కొన్నది.”

అమ్మాయి దాన్ని స్టెరిలైజర్లో వేసింది. పెన్నుతో చుక్క పెట్టింది. పట్టకారుతో చర్మం బిగించి పట్టుకుంది.

“నొప్పిగా ఉంటే అరవండి, పర్లేదు.”

“అరవదండీ,” అన్నాడతను. “అరుపులు డబ్బింగులో వేసుకుంటారు.”

అమ్మాయికి నవ్వాగలేదు. ఆ నవ్వులోనే సూది దిగింది. పచ్చి పుండు పక్క నుంచి సూది దూరుతుంటే ఎంత మొండిమనిషైనా కెవ్వుమంటుంది. ఆమె మాత్రం పైకప్పు కేసి చూస్తూ ఊపిరి బిగబట్టింది, అంతే. కళ్ళ చివరల్నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. అతను రుమాలు తీసి జాగ్రత్తగా తుడిచాడు.

రింగు కూర్చుంది. అమ్మాయి దూది అద్ది, ఉప్పునీళ్ళతో రోజూ రెండుసార్లు కడగమంది. తర్వాత అతనికి చెయ్యి చాచింది.

“మనిషికి తగలకుండా కొట్టడం గొప్ప విద్యండీ. ఈసారికి మాత్రం కాస్త చూసి కొట్టండి.”

“మీరు చెప్పాక కూడానా!” అన్నాడతను, ఆ చెయ్యి గట్టిగా ఊపుతూ.

ఒక్క సెల్ఫీ అడిగింది అమ్మాయి. సినిమా విడుదలయ్యేదాకా ఫొటోలు బయటికి రాకూడదని అతను మర్యాదగా తప్పించుకున్నాడు. అమ్మాయి తలుపుదాకా వచ్చి, తప్పకుండా మొదటి ఆటే చూస్తానని మాటిచ్చి మరీ సాగనంపింది.

లిఫ్టు తలుపులు మూసుకున్నాక అతను భార్య బుగ్గ మీద మెల్లగా తట్టి అన్నాడు: “నువ్వు మెట్ల మీంచి పడ్డానంటే ఆ డాక్టరమ్మ నమ్మలేదు గానీ, ఈ సినిమా కథ భలే అతికింది, ఇకనుంచి ఎవరడిగినా ఇదే చెప్పు.”