కరిచే జాతి

“ఆ జాతే అంతండీ. ఇవాళ పిక్క పట్టుకుంది, రేపు పీక పట్టుకుంటుంది,” అన్నాడు మోహనకృష్ణ. కంచరపాలెంలోని ఆ అపార్ట్‌మెంట్ జనమంతా మెట్ల దగ్గరే మూగారు.

అతని ఎనిమిదేళ్ల కూతురు శ్రీసత్య పిక్క మీద రెండు చిన్న గాట్లు. కేక విని అందరూ పరుగెత్తుకొచ్చేసరికి పిల్ల మెట్ల మీద పడి ఉంది. పక్కనే ఎదురింటి రాట్‌వీలర్ కుక్క రాజా నిలబడి మొరుగుతోంది. ఇంకేం సాక్ష్యం కావాలి? ఏం జరిగిందని అడిగితే పిల్లకు ఏడుపే తప్ప మాట లేదు. శ్రీసత్య వాళ్లింటి బొచ్చుకుక్క చిట్టి అప్పటికే సోఫా కింద దూరింది. ఆ మధ్య గేటు దాటి వెళ్లి వీధికుక్క చేత చెవి చింపించుకుని వచ్చిన దగ్గర్నుంచీ దానికి పిరికితనం ఎక్కువైంది.

రాజాను పెంచుతున్న అర్జునరావు పోర్టులో క్రేన్ నడుపుతాడు.

“మా రాజా ఎవర్నీ కరవదు బావా. నాను ఏటేటా రేబిస్ సూదేయిత్తన్నాను, పాపకి బయం నేదు,” అన్నాడు.

మొదటి మాట ఎవరూ నమ్మలేదు. రెండోది మాత్రం మోహనకృష్ణ వెంటనే నమ్మేశాడు. సూది పేరెత్తితేనే పిల్ల వణికిపోతుంది, టీకాలు పడిన కుక్కే కదా, పిల్లనెందుకు పొడిపించడం అన్నాడు. భార్య చంద్రిక పసుపు అద్ది కట్టు కట్టింది.

సాయంత్రానికి తీర్మానం అయిపోయింది. ఆ జాతి కుక్క ఇక గేటు లోపల ఉండకూడదు. చిట్టి లాంటివి ఉండొచ్చట, అవి పిల్లలతో సమానమట. అర్జునరావు రాజాను యారాడలో మేనమామ దాలయ్య దగ్గర వదిలి వచ్చాడు. ఆ తర్వాత ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

చిట్టి తిండి మానేసి, మంచం కింద మూలుగుతూ వారం తిరక్కుండా చచ్చిపోయింది. రాజాను చూసి జడుసుకునే పోయిందని చంద్రిక ఏడ్చింది. ఆ పాపం కూడా రాజాకే చుట్టారు. కూతురు బెదురు లేకుండా మెట్లు దిగుతుంటే మోహనకృష్ణకు గుండె నిండిపోయేది. ఆ జాతిని ఆపితే కాట్లు ఆగుతాయని ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాడు.

నెల దాటాక శ్రీసత్యకు జ్వరం వచ్చింది. మానిపోయిన గాటు దగ్గర చిమచిమలాడుతోందని గోక్కుంటోంది. మంచినీళ్లిస్తే గొంతు పట్టేస్తోందని గ్లాసు తోసేసింది.

పలకరించడానికి వచ్చిన అర్జునరావును చూడగానే పిల్ల భోరుమంది. రాజాను తెచ్చెయ్యమని బతిమాలింది.

“కరిచినదాన్ని మళ్లీ తెస్తారా తల్లీ?” అన్నాడు మోహనకృష్ణ, తల నిమురుతూ.

“చిట్టి చచ్చిపోయిందిగా నాన్నా, ఇంక దాన్ని పంపెయ్యలేరుగా,” అంది శ్రీసత్య.

“నన్ను కరిచింది అదే.”